లెక్క చెప్పే పరిశుద్ధత

షిలోహులో బలి ఇవ్వడానికి వచ్చినవాళ్ల మాంసం ఇంకా ఉడుకుతూ ఉండగానే యాజకుడి పనివాడు మూడు ముళ్ల కొంకి పట్టుకుని దిగేవాడు. గిన్నె కనపడితే గిన్నెలో, కుండ కనపడితే కుండలో గుచ్చేవాడు. కొంకికి ఎంత తగులుకుంటే అంతా యాజకుడి ఇంటికి పోయేది. అదీ చాలలేదు. ఉడికించింది వద్దు, పచ్చిదే కావాలన్నారు, అదీ కొవ్వును దేవుడికి దహించకముందే. ముందు కొవ్వు కాలనివ్వండి, తర్వాత మీ ఇష్టమొచ్చినంత తీసుకోండి అని బలి తెచ్చిన మనిషి అడిగితే, ఇప్పుడే ఇస్తావా, బలవంతాన లాక్కోమంటావా అనేవాడు ఆ పనివాడు. సమూయేలు మొదటి గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది ఈ సంగతి. యాజకుడి వాటా ఎంతో ధర్మశాస్త్రం అంతకుముందే తేల్చింది. సమాధాన బలిలో రొమ్ము భాగం, కుడి తొడ వాళ్లవే. కాబట్టి అక్కడ యాజకులుగా ఉన్న ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు ఆకలికి తాళలేక చేసిన పని కాదిది. దేవుడికి ఇవ్వాల్సిన మర్యాద ఏమిటో బలి తెచ్చిన సామాన్యుడికి తెలుసు, యాజకులకు పట్టలేదు. గుడారం గుమ్మం దగ్గర సేవ చేసే స్త్రీలతో వాళ్లు నడిచిన తీరు కూడా అక్కడే రాసి ఉంది. చివరికి జనానికి బలి అర్పించడమంటేనే రోత పుట్టిందని గ్రంథం చెబుతుంది. సేవకుడి అపవిత్రత వల్ల జరిగే అసలు నష్టం ఇదే. అతని పరువు పోవడం చిన్న విషయం. అతని మూలంగా జనం దేవుడి గుమ్మానికి రావడం మానేస్తారు.

దేవుడి సేవకు తగిన పరిశుద్ధ జీవితం అనగానే మన సంఘాల్లో చాలామందికి ముందు గుర్తుకొచ్చేవి తెల్లబట్టలు, ఉపవాస ప్రార్థనలు, సినిమాలు చూడకపోవడం, నగలు పెట్టుకోకపోవడం, మద్యానికి దూరంగా ఉండటం, తెల్లవారుజామున మోకాళ్ల మీద గడపడం. వీటిని తక్కువ చేయాల్సిన పని లేదు. తాగుడు మానిన ఇంట్లో పిల్లలకు అన్నం దొరికింది, ప్రార్థనకు లేచిన మనిషికి రోజు మీద అదుపు దొరికింది. కానీ ఇవన్నీ ఉండి కూడా ఒక మనిషి ఏలీ కొడుకుల్లా బతకగలడు. బైబిల్ సేవకుడి పరిశుద్ధతను ఎక్కడ పరీక్షిస్తుందో చూస్తే, మళ్లీ మళ్లీ మూడు చోట్లకే వస్తుంది: చేతిలోకి వచ్చే డబ్బు, చేతి కింద ఉన్న బలహీనుడు, తనను ప్రశ్నించే మనిషి. ఈ మూడూ బయటివాళ్లకు కనపడేవే, అడిగితే లెక్క చెప్పగలిగినవే. పరిశుద్ధత దేవుడికీ భక్తుడికీ మధ్య ఏకాంతంలో మొదలవుతుంది, నిజమే. అయితే అది ఉందో లేదో తేలేది నలుగురి మధ్యే అన్నది ఈ వ్యాసం వాదన.

పరిశుద్ధులై ఉండండి అనే ఆజ్ఞ పూర్తి స్థాయిలో వినిపించే చోటు లేవీయకాండం 19వ అధ్యాయం. ఆ పుస్తకం పేరు వింటే బలులు, రక్తం, శుద్ధి ఆచారాలు గుర్తుకొస్తాయి. ఈ అధ్యాయం మాత్రం దేవుడు పరిశుద్ధుడు గనుక మీరూ అలాగే ఉండాలని చెప్పి కాసేపట్లోనే పొలంలోకి నడుస్తుంది. కోత కోసేటప్పుడు గట్టు అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి పేదవాడికీ పరదేశికీ వదిలెయ్యాలి. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు. తీర్పులో పేదవాడని జాలిపడీ, పెద్దవాడని మొహమాటపడీ పక్షపాతం చూపొద్దు. త్రాసు, తూకపు రాళ్లు, కొలపాత్రలు సరిగ్గా ఉండాలి. చెవిటివాడికి తిట్టు వినపడదు, గుడ్డివాడికి అడ్డం పెట్టిన చెయ్యి కనపడదు. ఎదురు చెప్పలేనివాడి దగ్గర నువ్వెలా ఉంటావన్నదే అక్కడి ప్రశ్న. ఉపవాసం గురించి యెషయా 58వ అధ్యాయం పట్టుకున్న తప్పు కూడా ఇదే. జనం ఉపవాసం ఉంటున్నారు, గోనెపట్ట కట్టుకుంటున్నారు, మా ఉపవాసం దేవుడు చూడడేం అని అడుగుతున్నారు. ప్రవక్త ఇచ్చిన జవాబు సూటిగా ఉంటుంది: ఉపవాసం ఉన్న ఆ రోజే మీరు పనివాళ్ల చేత గొడ్డుచాకిరీ చేయిస్తున్నారు. మూడు రోజుల ఉపవాస కూటాలకు పందిరి వేసినవాడికి, కుర్చీలు మోసినవాడికి, వంట మనిషికి డబ్బు ఎప్పుడు ముట్టిందన్నది కూటాల పవిత్రతకు సంబంధం లేని ప్రశ్న అనుకుంటే, ఈ రెండు అధ్యాయాలూ ఒప్పుకోవు.

సేవకులు జనం ముందు నిలబడి లెక్క చెప్పడం బైబిల్లో ఒక ఆనవాయితీలా కనిపిస్తుంది. ముసలివాడైన సమూయేలు ఇశ్రాయేలీయులందరినీ ఎదురుగా పెట్టుకుని, నేనెవరి ఎద్దును తీసుకున్నాను, ఎవరి గాడిదను పట్టుకున్నాను, ఎవరి దగ్గర లంచం పుచ్చుకుని కళ్లు మూసుకున్నానో సాక్ష్యం చెప్పండి అని అడిగాడు. ఏమీ లేదని జనం చెప్పారు. ఇదే సమూయేలు కొడుకులు బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా ఉండి లంచాలు తిన్నారనీ గ్రంథం దాచకుండా రాసింది. తండ్రి నిజాయితీ కొడుక్కి వారసత్వంగా రాదన్న సంగతి, తండ్రి తర్వాత కొడుకే పాస్టరు కావడం మామూలైపోయిన చోట బాగా ఆలోచించాల్సిన విషయం. కొత్త నిబంధనకు వస్తే పౌలు ఇంకా ముందుకు వెళ్లాడు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం మాసిదోనియ, అకయ సంఘాల నుంచి చందా పోగు చేస్తున్నప్పుడు ఆ డబ్బు తానొక్కడే పట్టుకెళ్లలేదు. కొరింథు వాళ్లు యోగ్యులని ఒప్పుకున్న మనుషులనే ఉత్తరాలిచ్చి పంపుతానని మొదటి పత్రికలో రాశాడు. రెండో పత్రికకు వచ్చేసరికి తీతు, సంఘాలన్నిటిలో పేరున్న ఒక సహోదరుడు, అతనికి తోడు ఇంకొకడు, ఇలా ముగ్గురిని ఏర్పాటు చేశాడు. పేరున్న ఆ సహోదరుణ్ణి ఎన్నుకున్నది సంఘాలే. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమ మీద ఎవరూ తప్పు పట్టకూడదనీ, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలనీ కారణం చెప్పాడు. దర్శనాలు చూసినవాడు, మూడో ఆకాశం దాకా ఎత్తబడినవాడు, నన్ను నమ్మండి చాలు అనలేదు. థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకుండా రాత్రింబవళ్లు చేతిపని చేసుకున్నాడు, కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. సువార్త ప్రకటించేవాడికి సువార్త వల్ల బతికే హక్కుందని వాదించినవాడూ అతనే. ఆ హక్కును కొరింథులో వాడుకోలేదు, ఫిలిప్పీవాళ్లు ప్రేమతో పంపితే తీసుకున్నాడు. డబ్బు ముట్టకపోవడం అతని నియమం కాదు, మచ్చ రానివ్వకపోవడం.

తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో సంఘ అధ్యక్షుడికి ఉండాల్సిన గుణాల పట్టిక ఉంది. నిందారహితుడు, ఏకపత్నీ పురుషుడు, మితానుభవం గలవాడు, అతిథిప్రియుడు, తాగుబోతు కానివాడు, కొట్టేవాడు కానివాడు, ధనాపేక్ష లేనివాడు, ఇంటిని చక్కగా నడుపుకునేవాడు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడు కానివాడు. బోధించగలగడం ఒక్కటే ఆ పట్టికలో నైపుణ్యం కిందకి వస్తుంది, మిగతావన్నీ నడవడికే. స్వస్థత చేయగలగాలని లేదు, జనాన్ని పోగు చేయగలగాలని లేదు, గొంతు బాగుండాలని లేదు. సంఘం బయటివాళ్ల దగ్గర కూడా మంచి పేరుండాలన్న షరతు మాత్రం ఉంది. ఊళ్లోని కిరాణా కొట్టువాడు, పక్కింటి హిందువు, ముస్లిం అయిన ఆటో డ్రైవరు కూడా ఒక సేవకుడి పరిశుద్ధతకు సాక్షులే అన్నమాట. యేసు కొండమీద ప్రసంగం చివర్లో, నీ పేరిట ప్రవచించాం, దయ్యాలను వెళ్లగొట్టాం అని వచ్చేవాళ్లలో చాలామందిని నేనెరగను అంటానని చెప్పాడు. అద్భుతం జరగడం పరిశుద్ధతకు రుజువు కాదని దీనికంటే గట్టిగా చెప్పడం కష్టం. తొలినాటి సంఘానికి ఈ ప్రమాదం తెలుసు. అపొస్తలుల బోధ అని పిలిచే దిదఖే అనే చిన్న పుస్తకం 1873లో ఒక పాత రాతప్రతిలో దొరికి, 1883లో అచ్చయింది. ఊరికి వచ్చే సంచార బోధకులను ఎలా గుర్తుపట్టాలో అది చెప్పే కొలతలు చాలా మామూలువి. మూడు రోజులు తిష్ఠ వేస్తే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారికి రొట్టె తీసుకోవచ్చు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త.

ఇక్కడ మన సంఘాల్లో తప్పక వినిపించే అభ్యంతరం ఒకటుంది: దేవుడు అభిషేకించినవాడి మీద వేలెత్తకూడదు, తీర్పు తీర్చడం మన పని కాదు. వాక్యాధారం చూపించే అభ్యంతరమే గనుక వాక్యంలోనే చూడాలి. అభిషిక్తులను ముట్టవద్దనే మాట 105వ కీర్తనలో, అబ్రాహాము వంశం గుప్పెడు మందిగా దేశాలు పట్టి తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు ఇచ్చిన హెచ్చరిక. బలవంతుల నుంచి బలహీనులను కాపాడిన మాటను, బలమున్నవాడిని ప్రశ్న నుంచి కాపాడటానికి వాడటం ఆ కీర్తనకు అన్యాయం చేయడమే. తనను తరుముతున్న అభిషిక్త రాజు సౌలును దావీదు చంపలేదు, అంతవరకు నిజం. కానీ ఊరుకోలేదు. ఏన్గెదీ గుహలోంచి బయటికొచ్చి, తాను కోసిన పైబట్ట చెంగును పైకెత్తి చూపిస్తూ, నువ్వు నాకు చేస్తున్నది అన్యాయమని మూడు వేలమంది సైన్యంతో వచ్చిన రాజుకు కేకవేసి చెప్పాడు. అదే దావీదు రాజై బత్షెబ విషయంలో తప్పు చేస్తే, ప్రవక్త నాతాను ఆ అభిషిక్తుడి ఎదుటనే ఆ మనిషివి నువ్వే అన్నాడు. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనం మానేసి పక్కకు జరిగితే పౌలు అందరి ముందూ నిలదీశాడు. తీర్పు తీర్చవద్దన్న మత్తయి ఏడో అధ్యాయంలోనే, ఫలాలను బట్టి అబద్ధ ప్రవక్తలను గుర్తుపట్టమని కూడా ఉంది. దేవుడు హృదయాన్ని చూస్తాడనే మాట కూడా, ఏలీయాబు ఎత్తూ రూపమూ చూసి మోసపోవద్దని సమూయేలును హెచ్చరించడానికి చెప్పింది. అయితే నింద ఎవరైనా వేయొచ్చు గనుక సేవకుడికి రక్షణ కూడా కావాలి. అదీ తిమోతి పత్రికలోనే ఉంది: ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవద్దు, నిజమని తేలితే అందరి ఎదుట గద్దించాలి. గుసగుసలకూ చోటివ్వని, కప్పిపుచ్చడానికీ చోటివ్వని పద్ధతి ఇది.

ఇంత కఠినంగా కొలిస్తే సేవకు పనికొచ్చేవాడెవడు, రక్షణ కృప వల్లనే కదా అన్నది ఇంకో అభ్యంతరం, పైదానికంటే లోతైనది. యెషయా తన పెదవులు అపవిత్రమైనవని ఏడ్చాకే అతని నోటికి నిప్పు కణిక తగిలింది, ఆ తర్వాతే పంపడం జరిగింది. ముందు మచ్చలేనివాడై, తర్వాత పిలుపు అందుకున్నవాడు బైబిల్లో వెతికినా దొరకడు. ఎఫెసీయుల పత్రిక కూడా ముందు కృప గురించి చెప్పి, ఆ తర్వాతే సత్‌క్రియలు చేయడానికి మనం సృష్టించబడ్డామంటుంది, తిరగేసి చెప్పదు. కాబట్టి యోగ్యత సంపాదించి సేవలోకి వస్తారన్నది నా వాదన కాదు. కృప తప్పును కడుగుతుంది. దాన్ని దాచిపెట్టడానికి మాత్రం పనికిరాదు. పేతురు మూడుసార్లు బొంకిన సంగతిని నాలుగు సువార్తల్లో ఒక్కటి కూడా వదల్లేదు. అతను పెద్దగా ఉన్న సంఘమే ఆ కథను చెప్పుకుంది. తిబెరియ సముద్రం ఒడ్డున తోటి శిష్యులు ఉండగానే ప్రేమిస్తున్నావా అన్న ప్రశ్న మూడుసార్లు ఎదుర్కొన్నాకే గొర్రెలను మేపే బాధ్యత అతనికి మళ్లీ దక్కింది.

మరి సేవకుడు అపవిత్రుడని తేలితే, అతని చేతుల మీదుగా తీసుకున్న బాప్తిస్మం చెల్లదా? ఈ ప్రశ్న మీద ఉత్తర ఆఫ్రికా సంఘం నూరేళ్లకు పైగా చీలిపోయి ఉంది. 303లో రోమా చక్రవర్తి డయోక్లీషియన్ లేఖనాలను కాల్చెయ్యమని శాసనం చేశాడు. కొందరు సంఘ నాయకులు ప్రాణభయంతో గ్రంథాలు అప్పగించారు. హింస ఆగాక కార్తేజికి కేసిలియన్ బిషప్ అయితే, అతన్ని అభిషేకించిన ఫెలిక్స్ గ్రంథాలు అప్పగించినవాడని, అందువల్ల ఆ అభిషేకమే చెల్లదని ఒక వర్గం విడిపోయింది. దొనాతుస్ వాళ్ల నాయకుడయ్యాడు. విచారణలో ఫెలిక్స్ నిర్దోషి అని తేలింది, 314లో ఆర్ల్ నగరంలో జరిగిన సభ వాళ్ల వాదనను తోసిపుచ్చింది, అయినా చీలిక ఆగలేదు. ఆ శతాబ్దం చివరికి హిప్పో బిషప్ అగస్టీను ఇచ్చిన జవాబు ఇప్పటికీ చాలా సంఘాలకు ఆధారం: బాప్తిస్మం ఇచ్చేది క్రీస్తే, మనిషి చెయ్యి దాన్ని పాడుచేయలేదు. నీళ్లు రాతి కాలువ గుండా పారి తోటను తడుపుతాయి, ఆ రాతిలో మాత్రం ఏమీ మొలవదని పోలిక చెప్పాడు. నా దృష్టిలో అగస్టీను చెప్పిందే సరి, లేకపోతే ఏ విశ్వాసీ తన బాప్తిస్మం గురించి నిశ్చింతగా ఉండలేడు. అయితే ఈ చీలికను అణచడానికి రాజ్యబలం వాడటాన్ని అతను సమర్థించడం ఒప్పుకోదగ్గది కాదు. ఇంకో సంగతి, ఆ పోలికలోని రెండో సగాన్ని మనం మరిచిపోతాం. పండేది తోట, ఏమీ మొలవనిది కాలువ. ఎంతమంది నా ద్వారా రక్షణ పొందారో చూడండి అని చెప్పి తన జీవితాన్ని సమర్థించుకునే సేవకుడికి అందులో ఓదార్పేమీ లేదు.

అగస్టీను తన మటుకు తాను ఏం చేశాడన్నది ఈ వాదనకంటే కూడా ముఖ్యం అనిపిస్తుంది. హిప్పోలో అతనితో ఉండే గురువులు సొంత ఆస్తి లేకుండా ఉమ్మడిగా బతకాలన్నది నియమం. జనువారియుస్ అనే గురువు చనిపోతూ తన డబ్బును సంఘం పేర వీలునామా రాశాడు. సొంత ఆస్తి ఉండకూడనివాడి దగ్గర డబ్బుందన్న మాట అప్పుడు బయటపడింది. అతనికి ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు, వాళ్లకు చెందాల్సినదాన్ని వాళ్లను కాదని సంఘానికి రాశాడు. అగస్టీను ఆ సొమ్ము సంఘానికి వద్దన్నాడు. 425 చివర్లో ఈ విషయం దాచకుండా ప్రసంగంలో జనం ముందు పెట్టాడు. మిగతా గురువులు తమ ఆస్తుల సంగతి తేల్చుకోవడానికి గడువిచ్చి, ఆ తర్వాత మళ్లీ నిలబడి ఒక్కొక్కరి పేరూ చెప్పి, ఎవరి దగ్గర ఏముంది, దాన్ని ఏం చేశారన్నది సంఘానికి వివరించాడు. అప్పటికి అతనికి డెబ్బై దాటాయి, పడమటి సంఘంలో అతనికంటే పేరున్న బోధకుడు లేడు. తన ఇంటి తప్పు బయటపెడితే విరోధులు నవ్వుతారన్న భయం అతనికి ఉండి ఉండాలి. అయినా విశ్వాసులకు నిజం తెలియాలన్నదే గెలిచింది.

తెలుగు నేల మీద దీనికి సాటి వచ్చే ఉదాహరణ ఒంగోలులో ఉంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పట్టి పీడించిన కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి పని చూపించాడు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా ఉండి పని చేయించారు, పని మధ్యలో జనంతో కూర్చుని మాట్లాడారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, కూలి ఇస్తున్న చెయ్యే బాప్తిస్మం ఇస్తే ఆకలితో ఉన్నవాడికి కాదనే స్వేచ్ఛ ఉండదని, ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సంఖ్యలు చూసి మురిసిపోయే ఏ సేవకుడికైనా ఇది చేదు నిర్ణయమే. సాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా జనం కదల్లేదు. మాకు సాయం వద్దు, పని చేసి బతుకుతాం అంటూ చేతుల మీది బొబ్బలు చూపించారని మిషన్ కథనాలు చెబుతాయి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి. వాళ్లు ఏ ఆశ లేకుండా వచ్చారా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అందులో ఎక్కువమంది మాదిగలు. ఊరి చివరికి నెట్టేసిన మనుషులు గౌరవం కోరుకోవడం ఆశే అయితే, అది న్యాయమైన ఆశ. క్లౌ చేయగలిగింది తన చేతిలో ఉన్న అధికారాన్ని మధ్యలోంచి తీసేయడం, అది చేశాడు. లేవీయకాండం గుడ్డివాడి దారి గురించి చెప్పింది ఇలాంటి సందర్భానికే.

ఇదంతా విని ఒక పల్లె పాస్టరు అడగదగిన ప్రశ్న ఒకటి మిగిలింది. జీతం లేదు, పెన్షను లేదు, కానుకల సంచిలో పడ్డదే ఇంటి ఖర్చు. ఇల్లాళ్లు వంటకు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి, వారమంతా పోగుచేసి ఆదివారం తెచ్చే బియ్యమే కొన్ని చోట్ల పాస్టరు ఇంటి తిండి. అలాంటివాడిని లెక్క చెప్పమనడం న్యాయమా? లెక్క అడిగే సంఘానికి ముందు తన లెక్క సరిచూసుకునే బాధ్యత ఉంది. కూలి తెల్లవారేదాకా ఉంచుకోవద్దన్న ఆజ్ఞ సేవకుడి కూలికీ వర్తిస్తుంది. ఇంటి అద్దెకు, పిల్లల ఫీజులకు చాలేంత ఇవ్వకుండా మచ్చలేని జీవితం ఆశించే సంఘం, అతన్ని అప్పులవాళ్ల ఇళ్లకూ డబ్బున్న విశ్వాసుల గుమ్మాలకూ నెడుతోంది. డబ్బున్నవాడి ఇంట్లో తిన్నాక అతని తప్పు గురించి మాట్లాడటం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఈ రెండు వైపులనూ ఒకేసారి సరిచేసిన మనిషి నెహెమ్యా. అతను యెరూషలేములో లేనప్పుడు యాజకుడు ఎల్యాషీబు మందిరంలోని కొట్టుగదిని తనకు బంధువైన టోబీయాకు విడిదిగా ఇచ్చాడు. లేవీయులకు రావాల్సిన భాగం అందక వాళ్లు మందిరం వదిలి పొలాలకు పోయారు. నెహెమ్యా తిరిగొచ్చి టోబీయా సామానంతా బయట పారేయించి, గది శుద్ధి చేయించాడు, దేవుడి మందిరాన్ని ఎందుకిలా వదిలేశారని అధికారులను నిలదీశాడు, లేవీయులను పిలిపించి వాళ్ల స్థానాల్లో మళ్లీ నిలబెట్టాడు. తర్వాత కొట్ల మీద నలుగురిని నియమించాడు: యాజకుడు షెలెమ్యా, శాస్త్రి సాదోకు, లేవీయుడు పెదాయా, వాళ్లకు తోడు హానాను. నమ్మకస్తులని నలుగురిలో పేరున్నవాళ్లు గనుక వాళ్లను ఎంచుకున్నాననీ, తోటివాళ్లకు భాగాలు పంచడమే వాళ్ల పని అనీ రాసుకున్నాడు.